మూడడుగుల పైపు

"ఏ క్లాసు బిడ్డా?" అని
కిరాణం శరణప్ప అడిగిండు.
"మొన్నటి దాకా నీడ. ఇగ ఇప్పుడు బావి"
అన్నడు మా కురుమూర్తి.
చిల్లర తియ్యబోయిన ఆయన చెయ్యి
గల్లాపెట్టెలనే ఆగిపోయింది.

అక్కడ నవ్వొచ్చింది నాకు.
ఇంటికొచ్చినంక భయమైంది.

రెండేండ్లాయె బడి మాన్పించి.
మూడో తరగతి పిలగానికి
అక్షరాలు అద్దంల చూసినట్టు తిరగబడేవి.
వెనక బెంచీ, గోడ దిక్కు మొఖం,
అరచేతుల బెత్తం వాత.
ఆ వాత మీద కొబ్బరినూనె రాసుకుంట
వాళ్ళ నాయిన ఒక్కటే మాటన్నడు:
"రేపు నాతోని బండ్ల వస్తడు."

పల్లికాయ బస్తాల డీసీఎం.
వనపర్తి మార్కెట్ నుంచి రాయచూరు దాకా
క్యాబిన్ల నలుగురం.
మక్తల్ పద్నాలుగు.
మక్తల్ పదమూడు.
ఒక్క ఊరి పేరే మళ్ళ మళ్ళ వచ్చె,
అంకె ఒక్కొక్కటి తగ్గుకుంట వచ్చె.
పన్నెండో రాయి కాడ 'మ' పట్టిండు.
ఏడో రాయి కాడ 'క్త'.
కింద ఒత్తు ఏలాడుతుంటే
"ఇది బండికి కట్టిన స్టెప్నీ" అన్నడు.
సున్నా వచ్చేవరకు ఊరొచ్చింది.
తీసివేత నేను చెప్పనే లేదు.

అక్క జోగులాంబది వేరే తీరు.
దానికి ఒక్కచోట నిలబడి చూసుడిష్టం.
పాత యాంటెనా పైపు కోయించి
మూడడుగులు కొలిచి
మిద్దె మీద సిమెంటు పెట్టి నిలబెట్టింది.
పొద్దు నెత్తికెక్కినప్పుడల్లా
నీడ కొస కాడ నా గోళ్ళరంగుతోని చుక్క.
సీసా అయిపోగొట్టింది.
మిరపకాయలు ఎండబోసుకుంటనంటే
జాగ ఇయ్యలే నాకు.

మే నెల. ఐదో తారీఖో, ఆరో.
"అమ్మా, నీడ పోయింది!"
ఉరికి మెట్లెక్కితే
పైపు ఉంది, ఎండ ఉంది,
నీడ లేదు.
వంగి చూసుకుంటే నా కాళ్ళ కాడ నేనూ లేను.
నాలుగొద్దులకు మళ్ళ మొలిచింది,
అవతలి దిక్కు, దక్షిణానికి.

నడిపొద్దు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని
పోయిన నెల నేనే చెప్పి ఉంటి దానికి.
పదో తరగతి లెక్కలల్ల తప్పినదాన్ని.
ముప్పై ఆరేండ్లు ఎండల నడిచి
నా నీడ యాడికి పోతుందో చూడలే.
జోగులాంబ ఏమనలే.
నోటుబుక్కుల నా మాట కొట్టేసి
పక్కన తారీఖు రాసుకున్నది.

డిసెంబర్ల, సలికి వణుక్కుంట
పొద్దు పొడవకముందే ముడుమాల పోయినం.
పత్తి చేన్ల నడుమ, కృష్ణ ఒడ్డుకు,
మనిషికి రెండింతల నిలువురాళ్ళు
ఎవరో హాజరు పిలుస్తరని ఎదురుచూస్తున్నట్టు.
పొద్దెక్కింది.
ఒక్కొక్క రాయి తన నీడను
సాళ్ళ మీదికి పరిచింది.
జోగు టేపు పట్టుకొని ఉరికింది. టేపు సాలలే,
నా కొంగు కలిపి కొలిచింది.
కురుమూర్తి ఒక రాయిని తడిమి తడిమి
"అమ్మా, ఈళ్ళను గూడ బడిలకెళ్ళి ఎల్లగొట్టిన్రా?"
గొర్లు కాసే ముసలాయన ఇని, నవ్వి,
అగ్గిపెట్టె ఉందా అని అడిగి పోయిండు.

నడిపొద్దుకల్లా ఇంటికొచ్చి మిద్దెక్కితే
మూడడుగుల పైపుకు రెండున్నర అడుగుల నీడ.
ఏడాదిల అన్నిటికన్న పొడుగు.
ఆ చుక్క నన్ను పెట్టమన్నది జోగు.
చెయ్యి వణికి కొంచెం పక్కకు పడ్డది.

ఒక్కోరాత్రి నిద్ర రాదు.
ఓపెన్ స్కూలు ఫారం బియ్యం డబ్బా మీద ఉంది,
మూడు గడులు నింపి ఆపిన.
రేపు ఎవరన్న సర్టిఫికెట్ అడిగితే
మిద్దె మీది చుక్కలు చూపియ్యాల్నా?
మా ఆయన గుర్రు పెడుతుండు,
తెల్లారగట్ల రాయచూరు ట్రిప్పు.
వాకిట్ల ఫోన్ లైటు కింద
కురుమూర్తి చేదతాడుకు
అడుగుకొక ముడి ఏస్తుండు.
పదకొండు కాడ తప్పిపోయి
మళ్ళ మొదటికెళ్ళి చదువుతుండు, పైకే,
ఈసారి ఎక్కుకుంట.